ఆ గెలుపులు కోచ్‌వా, ఊరివా?

2025 డిసెంబర్ 5 రాత్రి అమెరికాలోని న్యూ ఓర్లీన్స్‌లో ట్యులేన్, నార్త్ టెక్సస్ యూనివర్సిటీల ఫుట్‌బాల్ జట్లు అమెరికన్ కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడాయి. కాన్ఫరెన్స్ అంటే తమలో తాము ఆడుకునే జట్ల కూటమి. ట్యులేన్ 34-21తో గెలిచింది. మైదానంలో కుర్రాళ్ళు టైటిల్ కోసం ప్రాణం పెట్టి ఆడుతున్నారు గానీ, గీత అవతల నిలబడి వాళ్ళను ఆడిస్తున్న ఇద్దరు హెడ్ కోచ్‌లకూ అప్పటికే కొత్త ఉద్యోగాలు ఖాయమైపోయాయి. ట్యులేన్ కోచ్ జాన్ సమ్‌రాల్ ఫ్లోరిడాకు వెళ్తున్నాడు. నార్త్ టెక్సస్ కోచ్ ఎరిక్ మోరిస్ ఓక్లహోమా స్టేట్‌కు వెళ్తున్నాడు. అదే కాన్ఫరెన్స్‌లోని సౌత్ ఫ్లోరిడా కోచ్ అలెక్స్ గొలేష్‌ను ఆబర్న్ తీసుకుంది, మెంఫిస్ కోచ్ రయన్ సిల్వర్‌ఫీల్డ్‌ను ఆర్కన్సా తీసుకుంది. ఒక్క శీతాకాలంలో ఒక్క కాన్ఫరెన్స్ నుంచి నలుగురు కోచ్‌లు పెద్ద జట్లకు తరలిపోయారు.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే సాకర్ కాదు. హెల్మెట్లు పెట్టుకుని, కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడే అమెరికన్ ఆట. కాలేజీ స్థాయిలో ఆ ఆటంటే అక్కడివాళ్ళకు మనకు క్రికెట్ ఎంతో అంత. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగులందరిలోకీ ఎక్కువ జీతం యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్‌కో బాస్కెట్‌బాల్ కోచ్‌కో వస్తుంది, గవర్నర్‌కు కాదు. అంత డబ్బు పోసి పెట్టుకునే మనిషిని ఎలా ఎంచుకుంటున్నారన్నది అందుకే చూడాల్సిన విషయం.

కాలేజీ ఫుట్‌బాల్‌లో చిన్న జట్టు, లేదా ‘చిన్న ప్రోగ్రామ్’, అన్నప్పుడు యూనివర్సిటీ చిన్నదని అర్థం కాదు. నార్త్ టెక్సస్ యూనివర్సిటీ ఉన్న డెంటన్ ఊరు ఎమ్మెస్‌కు వెళ్ళిన మన తెలుగు పిల్లలకు బాగా పరిచయం. వేలమంది విద్యార్థులున్న పెద్ద యూనివర్సిటీ అది. ఫుట్‌బాల్ లెక్కలో మాత్రం చిన్నదే. పైవరుసలో ఎస్‌ఈసీ, బిగ్ టెన్, ఏసీసీ, బిగ్ 12 అనే నాలుగు కాన్ఫరెన్స్‌లు ఉన్నాయి. టీవీ డబ్బు, పెద్ద స్టేడియాలు, పేరున్న ఆటగాళ్ళు ఎక్కువగా వీటి దగ్గరే ఉంటారు. వాటి కింద అమెరికన్, సన్ బెల్ట్, మౌంటెన్ వెస్ట్, మిడ్-అమెరికన్ లాంటివి వస్తాయి. ఇంకా కిందికి దిగితే ఎఫ్‌సీఎస్, డివిజన్ 2, డివిజన్ 3 ఉన్నాయి. పైవరుసలో ఒక కోచ్‌ను తీసేస్తే, కిందివరుసలో ఆ ఏడు బాగా గెలిచినవాడి మీదకే ముందుగా చూపు పోతుంది.

పోయిన శీతాకాలం నియామకాల్లో గమనించాల్సింది ఒకటుంది. ఆ నాలుగు పెద్ద జట్లలో మూడింటికి ఇంతకుముందే ఇలాంటి నియామకంలో చెయ్యి కాలింది. ఆర్కన్సా 2017 చివర్లో, అప్పట్లో చిన్న జట్టైన ఎస్ఎమ్‌యూ నుంచి చాడ్ మోరిస్‌ను తెచ్చుకుంది. ఎస్ఎమ్‌యూలో అతని రికార్డు 14-22, అంటే 14 గెలుపులు, 22 ఓటములు. మూడేళ్ళలో జట్టు 2 గెలుపుల నుంచి 7 గెలుపులకు ఎదిగిందన్న ఒక్క మాట మీద ఉద్యోగం ఇచ్చారు. ఆర్కన్సాలో అతను 4-18తో ముగించాడు. ఎస్‌ఈసీలో ఆడిన 14 మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవలేదు. చివరి మ్యాచ్‌లో సొంత మైదానంలో వెస్టర్న్ కెంటకీ చేతిలో 45-19తో చిత్తయింది ఆర్కన్సా. వెస్టర్న్ కెంటకీకి ఆ రోజు క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడిగా, ఆడిన కుర్రాడు అంతకుముందు ఏడాది ఆర్కన్సా జట్టులోనే ఉన్నవాడు. ఆ మర్నాడే మోరిస్‌ను తీసేశారు.

ఆబర్న్ కథకు, ఫ్లోరిడా కథకు తర్వాత వద్దాం. ముందు ఐడహో రాష్ట్రంలోని బాయిసీ అనే ఊరికి వెళ్ళాలి. చిన్న జట్టు కోచ్‌ను తేవడంలో ఉన్న రిస్కు అక్కడ కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు.

బాయిసీ స్టేట్ 1996లో పై డివిజన్‌లోకి వచ్చింది. మైదానం నీలం రంగు గడ్డితో ఉంటుంది, టీవీలో చూస్తే ఒక్క క్షణంలో గుర్తుపట్టేస్తారు. డర్క్ కటర్ అక్కడ మూడేళ్ళలో 26-10 తెచ్చి అరిజోనా స్టేట్‌కు వెళ్ళాడు. అక్కడ ఆరేళ్ళు ఉండి 40-34 దగ్గర ఆగిపోయాడు. అతని తర్వాత బాయిసీలో డాన్ హాకిన్స్ ఐదేళ్ళలో 53-11 చేశాడు. ఆ రికార్డు చూసి కొలరాడో అతన్ని పిలిచింది. 2006లో కొలరాడో కోచ్‌గా అతని మొదటి మ్యాచ్ కింది డివిజన్‌లో ఉండే మోంటానా స్టేట్‌తో. 19-10తో ఓడిపోయాడు. నాలుగేళ్ళు గడిచాక, 2010 నవంబర్‌లో కాన్సాస్ మీద నాలుగో క్వార్టర్‌లో 45-17 ఆధిక్యంలో ఉండి కూడా 52-45తో ఓడాడు. అంతటితో ఉద్యోగం పోయింది. కొలరాడోలో మొత్తం 19-39.

హాకిన్స్ వెళ్ళిపోయాక బాయిసీ ఏమైంది? కుప్పకూలలేదు. ఎప్పట్నుంచో అక్కడే అఫెన్స్, అంటే బంతితో దాడి చేసే విభాగం, చూసుకుంటున్న క్రిస్ పీటర్సన్ హెడ్ కోచ్ అయ్యాడు. మొదటి ఏడాదే 13-0. సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్‌ల్లో ఒకటైన ఫియెస్టా బౌల్‌లో ఓక్లహోమాను 43-42తో ఓడించిన మ్యాచ్ గురించి అమెరికాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎనిమిదేళ్ళలో 92-12 చేశాక పీటర్సన్ వాషింగ్టన్‌కు వెళ్ళాడు. అతని తర్వాత వచ్చిన బ్రయన్ హార్సిన్ కూడా ఏడేళ్ళలో 69-19 చేశాడు.

కోచ్‌లు మారుతూనే ఉన్నారు, గెలుపులు మాత్రం బాయిసీలోనే ఉండిపోయాయి. ఇదే అసలు ప్రశ్న. ఒక కోచ్ 53-11తో వస్తే, ఆ 53లో అతనివి ఎన్ని? ఆ ఊరు, ఆ పద్ధతి, అతనికంటే ముందు నుంచీ ఉన్న అసిస్టెంట్లు, ఆ కాన్ఫరెన్స్‌లో మిగతా జట్ల కంటే ఒక మెట్టు పైనున్న బడ్జెట్, ఇవన్నీ తెచ్చినవి ఎన్ని? పెద్ద యూనివర్సిటీ సంతకం పెట్టేది కోచ్‌తో. గెలుపుల్లో తన వాటా మాత్రమే అతను వెంట తీసుకురాగలడు. మిగతాది నీలం గడ్డి దగ్గరే ఉండిపోతుంది.

ఈ నలుగురు బాయిసీ కోచ్‌లలో పీటర్సన్ ఒక్కడే పెద్ద జట్టులోనూ నిలబడ్డాడు. వాషింగ్టన్‌లో 55-26, 2016లో జాతీయ టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్. అతను ఏం వేరుగా చేశాడని చూస్తే ఒకటి తేలిగ్గా కనిపిస్తుంది. మధ్యలో ఎన్ని జట్లు పిలిచినా కదల్లేదు. కదిలినప్పుడు తనకు తెలిసిన నేలకే వెళ్ళాడు. పుట్టింది కాలిఫోర్నియాలో, పనిచేసిందంతా దాదాపుగా పశ్చిమ తీరంలోనే. అక్కడి హైస్కూల్ కోచ్‌లు అతనికి తెలుసు, అతను వాళ్ళకు తెలుసు. అయినా మొదటి రెండేళ్ళు 8-6, 7-6 దగ్గరే ఉన్నాడు. వాషింగ్టన్ ఓపిక పట్టింది.

హార్సిన్ సరిగ్గా దీనికి వ్యతిరేకం. బాయిసీలో పుట్టి, అదే కాలేజీకి ఆడి, కెరీర్‌లో ఎక్కువ భాగం అక్కడే గడిపిన మనిషిని 2020 డిసెంబర్‌లో ఆబర్న్ తానున్న అలబామా రాష్ట్రానికి తీసుకొచ్చింది. అప్పటికే పాత కోచ్ గస్ మాల్జాన్‌ను పంపించడానికి 2 కోట్ల 14 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుని ఉంది. అలబామాలో రిక్రూటింగ్ అంటే పదహారు, పదిహేడేళ్ళ కుర్రాళ్ళతో, వాళ్ళ అమ్మానాన్నలతో, హైస్కూల్ కోచ్‌లతో ఏళ్ళ తరబడి పెంచుకున్న బంధం. అట్లాంటాలో, మొబీల్‌లో ఏ స్కూల్లో ఏ పిల్లాడు బాగా ఆడుతున్నాడో అక్కడి కోచ్‌లకు తొమ్మిదో తరగతి నుంచే తెలుసు. ఐడహో నుంచి వచ్చిన మనిషి ఆ ఇళ్ళ గుమ్మాలు కొత్తగా తొక్కాలి. దానికి తోడు ఆబర్న్‌లో డబ్బిచ్చే పెద్దలు, అంటే బూస్టర్లు, ప్రతి విషయంలోనూ తలదూర్చే రకం. మొదటి సీజన్ 6-7, చివరి ఐదు మ్యాచ్‌లూ ఓటమే. 2022 ఫిబ్రవరికల్లా ప్రోగ్రామ్ లోపల ఏం జరుగుతోందని యూనివర్సిటీ విచారణ మొదలుపెట్టింది. ఉద్యోగం అప్పటికి నిలిచినా అక్టోబర్ 31న తీసేశారు. మొత్తం 9-12. అతన్ని పంపించడానికి మళ్ళీ కోటిన్నర డాలర్లకు పైనే కట్టాలి. రెండేళ్ళలోపు ఇద్దరు కోచ్‌లను పంపించడానికే మూడున్నర కోట్ల డాలర్లు దాటింది.

నెబ్రాస్కా కథ ఇంకా బాధాకరం, ఎందుకంటే అక్కడ కోచ్ పరాయివాడు కాదు. స్కాట్ ఫ్రాస్ట్ నెబ్రాస్కా బిడ్డ. 1997లో నెబ్రాస్కా జాతీయ ఛాంపియన్ అయినప్పుడు జట్టు క్వార్టర్‌బ్యాక్ అతనే. 2015లో 0-12తో అడుగంటిన ఓర్లాండో జట్టు యూసీఎఫ్‌ను చేతిలోకి తీసుకుని, రెండో ఏడాదే 13-0 చేశాడు. అప్పటికే నెబ్రాస్కాకు ఏడేళ్ళకు 3.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అయినా ఉండి 2018 జనవరి 1న పీచ్ బౌల్‌లో ఆబర్న్‌ను 34-27తో ఓడించాడు. ఆ సీజన్ ఫైనల్ ఆడిన అలబామా, జార్జియా రెండింటినీ ఓడించిన ఆబర్న్ అది. నెబ్రాస్కాలో 1962 నుంచి ఒక్క హోమ్ మ్యాచ్‌కీ టికెట్లు మిగల్లేదు. మ్యాచ్ రోజున ఆ స్టేడియమే రాష్ట్రంలో మూడో పెద్ద ఊరు అంటారు. అలాంటి చోటుకు సొంత కొడుకు తిరిగొస్తుంటే ఎవరు మాత్రం అనుమానపడతారు? మన పెద్దలు ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఫ్రాస్ట్ ముందు రచ్చ గెలిచి, ఆ తర్వాత ఇంటికి వచ్చాడు.

4-8, 5-7, 3-5, 3-9. నాలుగు సీజన్లు ఇలా గడిచాయి. 2021లో ఓడిన 9 మ్యాచ్‌ల్లో దేంట్లోనూ తేడా 9 పాయింట్లు దాటలేదు. అంటే జట్టులో ఆటగాళ్ళు లేక కాదు, చివరి పది నిమిషాల్లో మ్యాచ్ చేజారిపోతోంది. 2022 ఆగస్టు 27న డబ్లిన్‌లో నార్త్‌వెస్టర్న్‌తో సీజన్ మొదలైంది. మూడో క్వార్టర్‌లో నెబ్రాస్కా 28-17తో ముందుంది, ఊపు మీదుంది. మామూలుగా అలాంటప్పుడు బంతిని దూరంగా తన్ని, అవతలి జట్టును వెనక్కు నెడతారు. ఫ్రాస్ట్ మాత్రం బంతిని దగ్గరగా తన్ని మళ్ళీ తామే అందుకునే ఆన్‌సైడ్ కిక్ ఆడించాడు. బంతి నార్త్‌వెస్టర్న్ చేతికి చిక్కింది. మైదానం మధ్య నుంచి వాళ్ళు మొదలుపెట్టారు, మ్యాచ్ అక్కడే తిరిగిపోయింది. చివరికి 31-28తో నెబ్రాస్కా ఓడింది. రెండు వారాల తర్వాత సొంత మైదానంలో జార్జియా సదర్న్ 642 గజాలు సాధించి 45-42తో గెలిచింది. సొంత గడ్డపై 35 పాయింట్లో అంతకంటే ఎక్కువో చేసిన 214 మ్యాచ్‌ల్లో నెబ్రాస్కా అంతకుముందు ఒక్కటీ ఓడలేదు. మర్నాడే ఫ్రాస్ట్‌ను తీసేశారు. అక్టోబర్ 1 దాకా ఆగితే కట్టాల్సిన డబ్బు కోటిన్నర డాలర్ల నుంచి 75 లక్షలకు పడిపోయేది. ఆ మూడు వారాలు కూడా ఆగలేకపోయారంటే అక్కడి జనం ఎంత విసిగిపోయారో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు యూసీఎఫ్ వైపు చూడండి. ఫ్రాస్ట్ వెళ్ళిపోయాక వచ్చిన జాష్ హైపెల్ మొదటి ఏడాది 12-1 చేశాడు. అంతకుముందు 2013లో కూడా యూసీఎఫ్ 12-1తో ఫియెస్టా బౌల్ గెలిచింది. 0-12 అన్నది ఆ జట్టు అసలు స్థాయి కాదు, ఒక్క చెడ్డ ఏడాది మాత్రమే. ఓర్లాండో చుట్టూ గంట దూరంలో దేశంలోనే మెరుగైన కుర్రాళ్ళు దొరుకుతారు. నెబ్రాస్కాలో జనాభాయే తక్కువ, ఆటగాళ్ళను వందల మైళ్ళ అవతలి నుంచి తెచ్చుకోవాలి. 0-12 నుంచి 13-0 అన్న లెక్క చూసి అందరూ ఆ ఎత్తంతా ఒక్క మనిషే ఎక్కించాడనుకున్నారు. ఇంకో సంగతి. హైపెల్ రికార్డు యూసీఎఫ్‌లో ఏటా తగ్గుతూ వచ్చింది, 12-1 నుంచి 10-3, ఆ తర్వాత 6-4. అతన్ని టెనెసీ తీసుకుంటే చాలామంది పెదవి విరిచారు. అదే హైపెల్ 2022లో టెనెసీని 11-2 చేశాడు, అలబామాను 52-49తో ఓడించాడు. ఒకే జట్టు నుంచి వచ్చిన ఇద్దరిలో మచ్చలేని రికార్డు ఉన్నవాడు విఫలమయ్యాడు, తగ్గుతున్న రికార్డు ఉన్నవాడు నిలబడ్డాడు. చివరి ఏడాది లెక్క చూసి మనిషిని తూచడం ఎంత ప్రమాదమో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఆట లోపలి కారణాలు కూడా ఉన్నాయి. చిన్న జట్టు ఏడాదికి ఒకటో రెండో పెద్ద మ్యాచ్‌లు ఆడుతుంది. బౌల్ మ్యాచ్ అయితే తయారవడానికి దాదాపు నెల దొరుకుతుంది. తెలివైన కోచ్ ఆ నెలలో అవతలి జట్టు బలహీనత ఒకటి పట్టుకుని, రెండు మూడు కొత్త ప్లేలు, అంటే ఎత్తుగడలు, తయారుచేసి గెలిచేయగలడు. పీచ్ బౌల్ అలాంటి మ్యాచే. ఎస్‌ఈసీలోనో బిగ్ టెన్‌లోనో మాత్రం సెప్టెంబర్ చివర నుంచి నవంబర్ దాకా దాదాపు ప్రతి శనివారం అదే బరువున్న జట్టు ఎదురొస్తుంది, తయారవడానికి ఆరే రోజులు. అప్పుడు తెలివి కంటే బెంచి మీద ఎవరున్నారన్నది ముఖ్యం. ముందు వరుసలో నిలబడి తోసుకునే 140 కిలోల లైన్‌మెన్ అక్టోబర్‌కల్లా గాయాలతో ఒకరొకరుగా పడిపోతారు. వాళ్ళ స్థానంలోకి వచ్చే రెండో వరుస ఎలా ఉందన్నదే సీజన్‌ను తేలుస్తుంది. చిన్న కాన్ఫరెన్స్‌లో అవతలి జట్టుకూ రెండో వరుస పలచనే కాబట్టి ఆ లోటు బయటపడదు. క్వార్టర్‌బ్యాక్ మంచివాడు దొరికితే సీజన్ గట్టెక్కిపోతుంది.

రెండోది ఉద్యోగం సైజు. దీని గురించి కోచ్‌లు మాట్లాడుకున్నంతగా బయట ఎవరూ మాట్లాడరు. చిన్న జట్టులో హెడ్ కోచ్ చేతులతో పనిచేసే మనిషి. ఏ ప్లే ఆడాలో తనే చెప్తాడు, వీడియోలు తనే కోస్తాడు, రిక్రూట్‌కు తనే ఫోన్ చేస్తాడు. పెద్ద జట్టులో అతని కింద పదుల సంఖ్యలో స్టాఫ్, టీవీ వాళ్ళు, బూస్టర్ల విందులు, ఆటగాళ్ళకు పంచే డబ్బు లెక్కలు ఉంటాయి. అక్కడ కావాల్సింది పనిని పంచి, పంచినవాళ్ళ చేత చేయించగల మనిషి. ఫ్రాస్ట్ యూసీఎఫ్ స్టాఫ్‌ను దాదాపు మొత్తంగా నెబ్రాస్కాకు తెచ్చాడు. నాలుగేళ్ళ తర్వాత, 2021 చివర్లో, అఫెన్స్ అసిస్టెంట్లను నలుగురిని తీసేసి కొత్తవాళ్ళను తేవాల్సి వచ్చింది. అప్పటికి ఆలస్యమైపోయింది.

ఉద్యోగం సైజు ఎంత పెద్ద సంగతో ఫ్లోరిడాలో ఇంకా బాగా తెలిసింది. బిల్లీ నేపియర్ లూసియానా అనే చిన్న జట్టులో నాలుగేళ్ళలో 40-12 చేసి, 2021 చివర్లో ఏడేళ్ళకు 5 కోట్ల 18 లక్షల డాలర్ల ఒప్పందంతో ఫ్లోరిడాకు వచ్చాడు. బాయిసీ ప్రశ్నకు నేపియర్ దగ్గర సమాధానం ఉంది. అతను వెళ్ళిన తర్వాతి రెండు సీజన్లలో లూసియానా 6-7, 6-7కు పడిపోయింది. ఆ గెలుపుల్లో ఎక్కువ వాటా అతనిదేనని ఒప్పుకోవాలి. అలబామాలో అప్పటి హెడ్ కోచ్ నిక్ సేబన్ దగ్గర పనిచేశాడు, దక్షిణాది రిక్రూటింగ్ కొత్త కాదు. అంటే అతని విషయంలో పైన చెప్పుకున్న రిస్కులు రెండూ తక్కువే. అయినా కుదరలేదు.

ఎందుకు కుదరలేదో చెప్పడానికి రెండు సంఘటనలు చాలు. 2023 సీజన్ మొదటి మ్యాచ్ యూటాతో. యూటా బంతిని పంట్ చేస్తోంది, అంటే దూరంగా తన్ని వదులుకుంటోంది, ఆ తర్వాత బంతి ఫ్లోరిడా చేతికి రావాలి. కానీ ఆ ప్లేలో ఫ్లోరిడా తరఫున 3వ నంబర్ జెర్సీ వేసుకున్నవాళ్ళు ఇద్దరు మైదానంలో ఉన్నారు. పెనాల్టీ పడింది, బంతి యూటా దగ్గరే ఉండిపోయింది, ఆ డ్రైవ్‌లోనే వాళ్ళు టచ్‌డౌన్ చేశారు. అదే ఏడాది నవంబర్‌లో ఆర్కన్సాతో స్కోరు సమంగా ఉంది, గడియారంలో సెకన్లే మిగిలాయి. అఫెన్స్ ఇంకా మైదానంలో ఉండగానే ఫీల్డ్ గోల్ జట్టు పరుగెత్తుకుంటూ లోపలికొచ్చింది. ఎవరు ఉండాలో, ఎవరు బయటికెళ్ళాలో ఎవరికీ తెలియలేదు. ఐదు గజాల పెనాల్టీ. 44 గజాల కిక్ తప్పింది. ఓవర్‌టైమ్‌లో 39-36తో ఓడిపోయారు. ఆర్కన్సా ఆ మైదానంలో గెలవడం అదే మొదటిసారి. ఫ్లోరిడాలో స్టాఫ్‌కు కొదవలేదు, నేపియర్ అడిగినంతమందిని ఇచ్చారు. కానీ స్పెషల్ టీమ్స్‌ను, అంటే కిక్‌లప్పుడు దిగే జట్లను, మైదానం పక్కన నిలబడి చూసుకునే కోఆర్డినేటర్ లేడు. ఏ ప్లే ఆడాలో చెప్పే పనిని, ప్లే కాలింగ్‌ను, నేపియర్ తన చేతిలోనే పెట్టుకున్నాడు. ఎంతమంది ఎన్నిసార్లు అన్నా వదల్లేదు. లూసియానాలో ఆ పద్ధతితోనే గెలిచాడు కదా, గెలిపించిన అలవాటును మానుకోవడం ఎవరికైనా కష్టమే. 2025 అక్టోబర్ 19న తీసేశారు. 22-23. మిగిలిన ఒప్పందానికి 2 కోట్ల 10 లక్షల డాలర్ల దాకా ఇవ్వాలి.

ఇంతా చేసి ఈ రిస్కులో పెద్ద భాగం కోచ్‌ల వల్ల వచ్చేది కాదు, వాళ్ళను ఎంచుకునేవాళ్ళ తొందర వల్ల వచ్చేది. కోచ్‌ల సంత నవంబర్ చివర్లో మొదలవుతుంది. హైస్కూల్ కుర్రాళ్ళు సంతకాలు చేసే రోజు డిసెంబర్ మొదటి వారంలోనే. ఫ్లోరిడా సమ్‌రాల్ పేరు ప్రకటించింది 2025 నవంబర్ 30న, సంతకాలు మొదలైంది డిసెంబర్ 3న. మధ్యలో ఉన్నది మూడు రోజులు. యూనివర్సిటీలో ఆటల విభాగం చూసే అథ్లెటిక్ డైరెక్టర్ మీద బూస్టర్ల ఒత్తిడి, అవతల ఇంకో జట్టు ఎగరేసుకుపోతుందన్న టెన్షన్, ఏజెంట్ చేతిలో మూడు జట్ల ఫోన్ నంబర్లు. ఆ వారంలో అందరి కళ్ళ ముందూ ఉండేది ఈ సీజన్ రికార్డు ఒక్కటే. పదేళ్ళ చరిత్ర తిరగేసి, అసిస్టెంట్లలో ఎవరు ఏం చేశారో విడదీసి చూసే తీరిక ఎవరికీ ఉండదు. దానికి తోడు ఆ ఒక్క వారం బేరంలో రాసుకున్న గ్యారంటీ డబ్బు ఐదారేళ్ళు వెంటాడుతుంది. కోచ్ విఫలమైనా అతని డబ్బు అతనికి వస్తుంది. నష్టం భరించేది యూనివర్సిటీ, ఆ కోచ్‌ను నమ్మి చేరిన కుర్రాళ్ళు.

అలాగని కింద నుంచి తేవడమే తప్పనుకుంటే అదీ పొరపాటే. ఫ్లోరిడాకే 2006లో, 2008లో జాతీయ టైటిళ్ళు తెచ్చిన అర్బన్ మైయర్ బౌలింగ్ గ్రీన్, యూటాల మీదుగా వచ్చినవాడే. జిమ్ ట్రెసెల్ యంగ్స్‌టౌన్ స్టేట్ నుంచి ఒహాయో స్టేట్‌కు వచ్చి రెండో ఏడాదే, 2002లో, టైటిల్ కొట్టాడు. కేలెన్ డీబోర్ సూ ఫాల్స్ అనే చాలా చిన్న కాలేజీలో 67-3 చేసి మొదలుపెట్టాడు, వాషింగ్టన్‌లో 25-3 చేసి జాతీయ ఫైనల్ దాకా వెళ్ళాడు. లాన్స్ లైపోల్డ్ డివిజన్ 3లో 109-6తో ఆరు టైటిళ్ళు గెలిచి, బఫలోలో మొదట తడబడి, రెండో ఏడాది 2-10 చూసి, ఆ తర్వాత నిలదొక్కుకుని, ఇప్పుడు కాన్సాస్‌లో ఉన్నాడు.

ఇప్పుడందరూ చెప్పే పేరు కర్ట్ సిగ్నెట్టి. అలబామాలో సేబన్ అసిస్టెంట్‌గా మంచి ఉద్యోగం వదులుకుని, 50 ఏళ్ళు దగ్గరపడుతుండగా 2011లో డివిజన్ 2 జట్టు ఐయూపీకి హెడ్ కోచ్‌గా వెళ్ళాడు. అక్కడి నుంచి ఈలాన్. అది అంతకుముందు ఏడాది 2-9. అతను వెళ్ళగానే 8-4. తర్వాత జేమ్స్ మాడిసన్‌లో 52-9. 2023 చివర్లో ఇండియానా పిలిచేసరికి అతనికి 62 ఏళ్ళు. దేశ చరిత్రలో ఎక్కువ ఓటములు మూటగట్టుకున్న జట్లలో ఇండియానా ఒకటి. మొదటి ఏడాది 11-2, రెండో ఏడాది 16-0. 2026 జనవరి 19న మయామీని 27-21తో ఓడించి జాతీయ ఛాంపియన్ అయింది.

ఫ్రాస్ట్‌కూ సిగ్నెట్టికీ తేడా ప్రతిభలో వెతకడం కంటే వాళ్ళు నడిచొచ్చిన దారిలో వెతకడం మేలు. ఫ్రాస్ట్ హెడ్ కోచ్‌గా చేసింది ఒక్క చోట, రెండేళ్ళు. సిగ్నెట్టి మూడు చోట్ల, మూడు వేర్వేరు స్థాయిల్లో, పదమూడేళ్ళు చేశాడు, ఒక్క ఓటమి సీజన్ లేకుండా. ఊరు మారినా, ఆటగాళ్ళు మారినా, బడ్జెట్ మారినా ఫలితం మారలేదంటే అప్పుడు ఆ గెలుపులు అతనివేనని చెప్పడానికి ఆధారం ఉన్నట్టు. ఒక చోట రెండేళ్ళ రికార్డుకు ఆ బలం రాదు, అది 13-0 అయినా సరే.

ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక లెక్క ఇంకోలా మారింది. 2021 నుంచి ఆటగాడు ఏడాది ఖాళీగా కూర్చోకుండా జట్టు మారవచ్చు. సిగ్నెట్టి జేమ్స్ మాడిసన్ నుంచి 13 మంది ఆటగాళ్ళను ఇండియానాకు వెంట తెచ్చుకున్నాడు. హాకిన్స్‌కు, ఫ్రాస్ట్‌కు ఆ వీలు లేదు. ఇది కొత్త కోచ్ రిస్కును కొంత తగ్గిస్తుంది. తన పద్ధతి తెలిసిన కుర్రాళ్ళు డజను మంది లాకర్ రూమ్‌లో ఉంటే మిగతావాళ్ళకు నేర్పడం తేలిక. కానీ ఆ వీలుతోపాటు ఓపిక కూడా పోయింది. పీటర్సన్‌కు వాషింగ్టన్ ఇచ్చిన రెండేళ్ళు ఇప్పుడు ఎవరిస్తారు? ఇండియానాను చూపించి, మనకెందుకు ఏడాదిలో కాలేదని అడుగుతారు. సిగ్నెట్టి విజయం వల్ల రాబోయే నియామకాల్లో తొందర ఇంకా పెరుగుతుందనే భయం లేకపోలేదు.

ఈ లెక్కన సమ్‌రాల్ నియామకం నేపియర్ కంటే కొంచెం గట్టి నేల మీద ఉంది. ట్రాయ్‌లో 23-4, ట్యులేన్‌లో 20-8. రెండు చోట్ల గెలిచాడు. అలబామాలో పెరిగాడు, ఎస్‌ఈసీలో కెంటకీకి ఆడాడు, కెంటకీలో, ఓల్ మిస్‌లో అసిస్టెంట్‌గా చేశాడు. గొలేష్ సౌత్ ఫ్లోరిడాలో 23-15, చివరి ఏడాది మాత్రమే మెరిశాడు. అయితే హైపెల్ దగ్గర టెనెసీలో అఫెన్స్ నడిపిన అనుభవం ఉంది. సిల్వర్‌ఫీల్డ్ మెంఫిస్‌లో 50-25. కానీ మెంఫిస్ కూడా బాయిసీ లాంటిదే, అతనికి ముందున్న ఇద్దరూ అక్కడ గెలిచే వెళ్ళారు. వాళ్ళలో జస్టిన్ ఫ్యూంటే వర్జీనియా టెక్‌లో 43-31 దగ్గర ఆగాడు. మైక్ నార్వెల్ ఫ్లోరిడా స్టేట్‌లో 2023లో 13-1, ఆ మరుసటి ఏడాదే 2-10. ఆర్కన్సా ఈ రెండు కథలూ చదివే ఉంటుందని ఆశించాలి.

అదే డిసెంబర్‌లో ఇంకో నియామకం జరిగింది, దాని మీద పెద్దగా చర్చ లేదు. వర్జీనియాలోని హారిసన్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో ఉన్న జేమ్స్ మాడిసన్‌కు కోచ్ కావాల్సి వచ్చింది. సిగ్నెట్టి తర్వాత అక్కడికొచ్చిన బాబ్ చెస్నీ రెండేళ్ళలోనే జట్టును ప్లేఆఫ్‌కు చేర్చి యూసీఎల్‌ఏకు వెళ్ళిపోయాడు. గత పన్నెండేళ్ళలో జేమ్స్ మాడిసన్ నుంచి పైకి వెళ్ళిన కోచ్‌లు నలుగురు. ఎవెరెట్ విదర్స్ టెక్సస్ స్టేట్‌లో 7-28. మైక్ హ్యూస్టన్ ఈస్ట్ కరోలినాలో 27-38. సిగ్నెట్టి జాతీయ ఛాంపియన్. చెస్నీ సంగతి ఇంకా తేలాలి. నలుగురూ హారిసన్‌బర్గ్‌లో ఉన్నప్పుడు మాత్రం గెలిచారు. ఆ కుర్చీలో ఇప్పుడు కూర్చున్నది ఫ్లోరిడా పంపించేసిన బిల్లీ నేపియర్.